పంచాయతీ మైకు తడబడినపుడు

గ్రామమునకు బాట, మంచినీరు, వీధిదీపము ఎంత అవసరమో, ఊరివారందరికి ఒక్కమారుగా మాట వినిపించు సాధనము కూడ అంత అవసరము. గ్రామసభ తేదీ, పశువుల టీకాలు, కుళాయి నీరు వదలు వేళ, తుపాను హెచ్చరిక మొదలగునవి వెనుక దండోరా వలన తెలియుచుండెడివి. నేడు పెక్కు గ్రామములలో ఆ పని పంచాయతీ మైకు చేయుచున్నది. ఈ సాధనము పూర్తిగా పాడైనచో బాగుచేయింతుము. ఒకసారి పలికి, మరియొకసారి పలుకకున్నచో మాత్రము 'ఏదో పనిచేయుచున్నది గదా' యని ఊరకుందుము. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

మేమొక గ్రామసభకు పోయినపుడు ఇండ్లస్థలముల జాబితా చదువబడుచుండెను. ధ్వని నడుమ నడుమ తెగిపోవుటచే వెనుక వరుసలవారికి కొన్ని పేర్లు వినబడలేదు. మరునాడు కొందరు స్త్రీలు పంచాయతీ కార్యాలయమునకు వచ్చి, తమ పేర్లు కావలెనని దాచిరని నిష్ఠూరమాడిరి. కొత్త ఆంప్లిఫయరు కొనవలెనని సభ్యులు నిశ్చయించుకొనిరి. తీరా పరీక్షింపగా దోషము ఆంప్లిఫయరులో లేదు. వేపకొమ్మ మీదుగా పోవు తీగకు వేసిన అతుకు వదులై, గాలి వీచినప్పుడెల్ల విడిపోవుచుండెను. కొన్ని అడుగుల తీగతో తీరు పనికి వేల రూపాయలు వ్యయమై యుండెడివి. కొత్త పెట్టె తెచ్చినను ఆ తీగకే కలుపుదురు గనుక, చిక్కు మాత్రము తీరెడిది కాదు.

ధ్వని నడచు మార్గము

మైకు మన మాటను మిక్కిలి స్వల్పమైన విద్యుత్తుగా మార్చును. ఆంప్లిఫయరు దానిని బలపరచును. తీగలు దానిని లౌడు స్పీకర్లకు చేర్చగా, అవి మరల ధ్వనిగా మార్చును. కరెంటు గాని బ్యాటరీ గాని ఆంప్లిఫయరుకు శక్తి నిచ్చును. ఇందులో ఏ లంకె సడలినను ధ్వని తడబడును. కావున అన్నిటిని ఒక్కమారు కదల్పక, ఒక్కొక్క భాగమును మార్చి చూడవలెను. రెండు మార్పులు ఒకేసారి చేసినచో దోషము ఎచ్చట నుండెనో తెలియదు.

మొదట తడబాటు ఎప్పుడు కలుగుచున్నదో వ్రాసికొనుడు. మైకు తీగ కదలినపుడా, గాలివానలు వచ్చినపుడా, గట్టిగా మాటాడినపుడా, లేక అరగంట పనిచేసిన పిదపనా? ఈ సమాధానమే సగము వైద్యము.

శక్తి, మైకు

ప్లగ్గు వదులుగా నున్నదేమో చూడవలెను. సాయంకాలము వోల్టేజి తగ్గు గ్రామములలో ఆ వేళ ధ్వని క్షీణించుట గలదు. బ్యాటరీతో నడుపునపుడు దాని కొనలపై తెల్లని లేక పచ్చని పొర పట్టినచో శుభ్రపరచి బిగింపవలెను. 12 వోల్టుల సీసపు బ్యాటరీ నిండుగా నుండి, ఏ పనియు చేయనపుడు సుమారు 12.6 వోల్టులు చూపును. గట్టిగా పలుకునపుడు ఆంప్లిఫయరు హెచ్చు విద్యుత్తు కోరును. నీరసించిన బ్యాటరీ దాని నియ్యజాలదు. అందుచే మెల్లగా మాటాడినపుడు బాగుగా నుండి, గొంతు పెంచగానే మాట తెగును.

పిమ్మట మైకు తీగను రెండు కొనలయొద్ద మెల్లగా కదల్చి చూడుడు. గరగర చప్పుడు వచ్చినను, మాట ఆగినను దోషమచ్చటనే యున్నది. తీగలు తరచుగా పిన్ను మొదట వంగి లోపల తెగును. మైకు తీసివేసి, తగిన తీగతో చేతిఫోనును ఆంప్లిఫయరునకు కలిపి ఒక పాట పెట్టి చూడవచ్చును. పాట చాలసేపు నిలుకడగా వచ్చినచో ఆంప్లిఫయరు, స్పీకర్లు బాగున్నవనియు, మైకు వైపే లోపమున్నదనియు తెలియును.

లౌడు స్పీకర్ల వైపు

పాట కూడ తెగిపోయినచో, ఆంప్లిఫయరును ఆపి, ఊరిలోనికి పోవు పొడవైన తీగను విడదీసి, బాగున్న స్పీకరు నొకదానిని పొట్టి తీగతో కలిపి చూడవలెను. అప్పుడు ధ్వని నిలిచినచో దోషము బయటి తీగలలోనో, తక్కిన స్పీకర్లలోనో యున్నది. వానకు, సముద్రపు ఉప్పుగాలికి తీగ అతుకులు చిలుమెక్కును. అట్టివానిని కోసి, కొత్తగా మెలివేసి, టంకము పెట్టించి, నీరు చొరకుండ కప్పవలెను. తీగ బరువు అతుకుపై పడరాదు. ఈ తీగలను విద్యుత్ స్తంభములకు ఎన్నడును కట్టరాదు.

స్పీకర్ల లెక్కయు ముఖ్యము. 8 ఓముల స్పీకర్లు రెండు పక్కపక్కగా కలిపినచో ఆంప్లిఫయరుపై పడునది 4 ఓములు; నాలుగు కలిపినచో 2 ఓములే. ఓములు తగ్గిన కొలది భారము పెరుగును. 4 ఓములకు తగ్గరాదని వ్రాసియున్న ఆంప్లిఫయరుకు నాలుగు తగిలించినచో అది వేడెక్కును. రక్షణ ఏర్పాటు గలదైనచో తనకుతానే ఆగి, చల్లారిన పిదప మరల పలుకును. 100 వోల్టుల లైనుపై నడుచు స్పీకర్లకు ట్రాన్సుఫార్మరు ఉండును. అచ్చట వాట్లను కూడవలెను. 30 వాట్లవి నాలుగైనచో 120 వాట్లు. 100 వాట్ల ఆంప్లిఫయరు దానిని మోయజాలదు. ట్రాన్సుఫార్మరు లేని స్పీకరును 100 వోల్టుల కొనలకు కలిపినచో అది కాలిపోవును.

పెట్టె లోపల

పై పరీక్షలన్నియు చేసినను తడబాటు పోనిచో దోషము పెట్టెలో నున్నదని తలంపవచ్చును. టంకము వదిలిన అతుకులు వేడికి విడివడుట, పాతబడిన కెపాసిటర్లు ఎండిపోవుట సామాన్య కారణములు. పెట్టెను మాత్రము మీరు విప్పరాదు. ప్లగ్గు తీసిన పిదప కూడ కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచియుండవచ్చును. మీరు వ్రాసికొన్న గుర్తులను మెకానిక్కునకు చూపి, మార్చిన భాగములను తిరిగి అడిగి తీసికొనుడు. ఫ్యూజు పోయినచో అదే ఆంపియర్ల ఫ్యూజును వేయవలెను గాని రాగితీగ చుట్టరాదు. ఫ్యూజు పదేపదే పోవుచున్నచో కారణము వేరుగా నున్నదని గ్రహింపవలెను.

ముందు జాగ్రత్త

1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడిన తుపానులో, ఉప్పెనలో పదివేలమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. నేడు హెచ్చరికలు చేతిఫోనులకు వచ్చుచున్నవి. కాని కరెంటు పోయి, ఫోను టవర్లు మూగవోయినపుడు, ఫోను లేని ముదుసలికి, చేలో నున్న కూలీకి మాట చేర్చవలసినది బ్యాటరీతో పలుకు పంచాయతీ మైకే. ఆ రాత్రి అది 'తరలిపొండు' అను మాటను మింగివేసినచో జరుగు నష్టమునకు పరిహారము లేదు.

కావున ప్రతి పంచాయతీయు ఇద్దరిని ఈ పనికి నియమించి, నెలకొకసారి కరెంటు తీసివేసి, బ్యాటరీపై అరగంటసేపు మైకును నడిపించవలెను. వానకాలమునకు ముందును, తుపానులు తరచుగా వచ్చు అక్టోబరు, నవంబరు మాసములకు ముందును తీగలన్నిటిని చూడవలెను. పరీక్ష పగటిపూటనే జరుపవలెను. 2000 సంవత్సరపు ధ్వని కాలుష్య నియమముల ప్రకారము రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు బహిరంగముగా లౌడు స్పీకరు వాడరాదు. ప్రజలకు ఆపద కలిగిన సమయము దీనికి మినహాయింపు. పరీక్షించిన తేదీ, కనబడిన లోపము, చేసిన మరమ్మతు ఒక పుస్తకములో వ్రాసి, గ్రామసభకు ముందు దానిని తిరుగవేయుడు. ఊరి చివరి ఇంటియొద్ద ఒకరిని నిలిపి, ప్రతి మాటయు వినబడినదా యని అడుగుడు. వినబడినదని వారు చెప్పిననాడే మీ మైకు బాగున్నట్లు.