ఆఖరి కీమో తర్వాత: ఓపిక, జుట్టు, ఊరి మాటలు

ఆరోగ్యశ్రీ 2007లో మొదలై రాష్ట్రమంతా విస్తరించాక పశ్చిమ ప్రకాశంలోని పేద ఇళ్లకూ కీమోథెరపీ అందింది. కంభం, మార్కాపురం, గిద్దలూరు వాళ్లు దాని కోసం గుంటూరు రైలెక్కుతారు, కర్నూలు బస్సెక్కుతారు, కొందరు హైదరాబాదు దాకా పోతారు. గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో 2020 నుంచి నాట్కో క్యాన్సర్ కేంద్రం కూడా నడుస్తోంది. మందు ఎక్కించినన్నాళ్లూ డాక్టర్లు, నర్సులు దగ్గరుంటారు. ఆఖరి విడత కీమో ముగించుకుని ఇంటికొచ్చాక మాత్రం సలహాలు ఇరుగుపొరుగు నుంచీ సెల్‌ఫోన్ వీడియోల నుంచీ వస్తాయి. అన్నీ ప్రేమతో చెప్పేవే. కానీ వాటిలో కొన్ని, కోలుకోవాల్సిన మనిషిని మంచానికే కట్టేస్తున్నాయి.

అపోహ: కీమో అయిపోయిందిగా, నెల తిరిగేసరికి మామూలు మనిషి అవుతుంది.

వాస్తవం: అవదు, అవకపోవడం ఆ మనిషి తప్పు కాదు. కీమో మందు క్యాన్సర్ కణాలతో పాటు వేగంగా విభజన చెందే మంచి కణాలనూ దెబ్బతీస్తుంది. ఎముక మజ్జలో రక్తం తయారీ కుంటుపడుతుంది. నిద్ర చెదురుతుంది, కండ కరుగుతుంది. అందుకే ఆ నిస్సత్తువ చాలామందిలో నెలల తరబడి ఉంటుంది, కొందరిలో ఏడాది దాటుతుంది. పొలం పని చేసి అలిసిన ఒళ్లు ఒక రాత్రి నిద్రతో తేరుకుంటుంది. ఈ అలసట అలా నిద్రతో తీరేది కాదు. క్రికెటర్ యువరాజ్ సింగ్‌కు 2012 మార్చిలో కీమో పూర్తయింది. మళ్లీ భారత జట్టుకు ఆడింది సెప్టెంబరులో. ప్రపంచకప్ గెలిపించిన క్రీడాకారుడికే ఆరు నెలలు పట్టింది. ఇంటి చాకిరీ, పశువుల పని, పిల్లల బాధ్యత మీదున్న ఆడమనిషిని మూడో వారానికే ‘ఇంకా లేవలేదా’ అనడం అన్యాయం.

అపోహ: నీరసంగా ఉన్నప్పుడు కదలకుండా పడుకోవాలి.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ చెరుపు చేసే మాట ఇదే. పడుకున్న కొద్దీ కండ తగ్గుతుంది, కండ తగ్గిన కొద్దీ నాలుగడుగులకే ఆయాసం వస్తుంది. క్యాన్సర్ అలసటకు మందుబిళ్లల కన్నా వ్యాయామం, మానసిక ధైర్యమిచ్చే కౌన్సెలింగ్ ఎక్కువ మేలు చేస్తాయని 113 అధ్యయనాలను కలిపి చూసిన పరిశీలన 2017లో తేల్చింది. వారానికి మూడు రోజులు, రోజుకు అరగంట నడక అన్నది నిపుణులు సూచించే లెక్క. మొదటి రోజే అరగంట నడవనక్కర్లేదు. వాకిట్లో ఐదు నిమిషాలతో మొదలుపెట్టి, వారం వారం కొంచెం పెంచుకుంటూ పోవాలి. బాగున్న రోజున పనంతా మీదేసుకుని, మర్నాడు మంచం పట్టడం కూడా మంచిది కాదు.

మన ఎండలు తెలిసినవే కాబట్టి, కంభం చెరువు కట్ట మీద నడిచినా ఊరి బాట పట్టినా సూర్యుడు పైకి రాకముందే ముగించాలి. కొన్ని కీమో మందుల వల్ల అరికాళ్లు తిమ్మిరెక్కి, ముల్లు గుచ్చుకున్నా తెలియదు. వాళ్లు చెప్పుల్లేకుండా అడుగు వేయకూడదు. ఎముకలకు పాకిన జబ్బున్నవాళ్లు, గుండె బలహీనపడినవాళ్లు డాక్టరును అడిగాకే నడక మొదలుపెట్టాలి.

అపోహ: పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు, మాంసం వేడి చేస్తాయి. పథ్యం ఉండాలి.

వాస్తవం: చారన్నం, మజ్జిగన్నంతో నెలలు గడిపిన ఒంటికి కండ ఎక్కడి నుంచి వస్తుంది? జుట్టు కూడా ప్రొటీనే. క్యాన్సర్ నుంచి కోలుకునేవాళ్లకు కిలో బరువుకు రోజుకు 1 గ్రాముకు తగ్గకుండా, వీలైతే 1.5 గ్రాముల దాకా ప్రొటీన్ కావాలి. 50 కిలోల మనిషికి కనీసం 50 గ్రాములన్నమాట. గుడ్డులో ఉండేది 6 గ్రాములే. కాబట్టి గుడ్డూ తినాలి, కందిపప్పూ తినాలి, పెరుగు, చెరువు చేప, కోడికూర, శనగలు, ఏవి సహిస్తే అవి తినాలి. జొన్నరొట్టె, సజ్జరొట్టె మానక్కర్లేదు. మూత్రపిండాల జబ్బున్నవాళ్లు మాత్రం మోతాదు డాక్టరుతో మాట్లాడుకోవాలి. చక్కెర తింటే క్యాన్సర్ తిరగబెడుతుందని కాఫీలో చెంచాడు పంచదార కూడా లాగేసుకునే ఇళ్లున్నాయి. మధుమేహం లేనివాళ్లకు ఆ కట్టడి అవసరం లేదు.

బీట్‌రూట్ రసంతో రక్తం పడుతుందని నమ్మి పరీక్ష మానేయడం మరో పొరపాటు. నీరసానికి రక్తహీనత కారణం కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, బి12 లోపం కావచ్చు, దిగులు కావచ్చు. ఒక్కోదానికి ఒక్కో వైద్యం ఉంది. ఆకు పసర్లు, తెలియని పొడులు లివర్‌ను దెబ్బతీయగలవు. కీమోతో అలిసిన లివర్ మీద ఆ ప్రయోగం వద్దు.

అపోహ: గుండు కొట్టించినంత త్వరగా జుట్టు వచ్చేయాలి. రాకపోతే ఇక రాదు.

వాస్తవం: తిరుపతిలో తలనీలాలిచ్చి వస్తే వారానికే తల గరగరలాడుతుంది. ఎందుకంటే కత్తి కోసింది పైనున్న వెంట్రుకనే, కింద కుదురు పని చేస్తూనే ఉంది. కీమో అలా కాదు, కుదురునే ఆపేస్తుంది. తల మీది వెంట్రుకల్లో నూటికి 85 నుంచి 90 దాకా ఎప్పుడూ పెరిగే దశలోనే ఉంటాయి, అందుకే దెబ్బ తలకే ఎక్కువ తగులుతుంది. ఆఖరి కీమో అయిన కొన్ని వారాలకు మెత్తని నూగు కనిపిస్తుంది. ఒకటి రెండు నెలల్లో అసలు జుట్టు మొదలవుతుంది. ఆ పైన నెలకు సుమారు సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది. జడ వేసుకునేంత రావాలంటే ఏళ్ల లెక్కే. మొదట వచ్చేది ఉంగరాలు తిరిగి ఉండొచ్చు, రంగు మారొచ్చు. చాలామందికి క్రమంగా పాత తీరుకు వస్తుంది.

మళ్లీ మళ్లీ గుండు కొట్టిస్తే ఒత్తుగా వస్తుందనేది నిజం కాదు. కత్తిరించిన కొన మొద్దుగా ఉండి ఒత్తుగా అనిపిస్తుందంతే. ఉల్లిరసం లేత చర్మాన్ని మండిస్తుంది. కొబ్బరినూనె మెల్లగా రాసుకుంటే తప్పులేదు గానీ అది కుదుళ్లను లేపదు. బయోటిన్ మాత్రలు కీమో తర్వాత జుట్టును త్వరగా తెస్తాయనడానికి ఆధారం లేదు. పైగా అవి థైరాయిడ్ వంటి రక్తపరీక్షల ఫలితాలను తారుమారు చేయగలవు. వాడుతుంటే పరీక్షకు ముందే ల్యాబ్‌లో చెప్పాలి. నల్ల హెన్నా పొడుల్లో తరచూ ఘాటైన రసాయన రంగు ఉంటుంది కాబట్టి కొన్ని నెలలు వాటి జోలికి పోకపోవడం మేలు.

ఆరు నెలలైనా జుట్టు రాకపోతే చర్మవ్యాధుల డాక్టరుకు చూపించాలి. డోసిటాక్సెల్ వంటి మందుల తర్వాత అరుదుగా జుట్టు పలచగానే మిగిలిపోతుంది. రొమ్ము క్యాన్సర్‌కు ఏళ్ల తరబడి వాడే టామాక్సిఫెన్, లెట్రోజోల్ మాత్రలూ జుట్టును పలచబరచవచ్చు. అలాగని వాటిని సొంతంగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది.

అపోహ: జుట్టు ఊడలేదంటే మందు పనిచేయలేదు.

వాస్తవం: రెండింటికీ సంబంధం లేదు. కొన్ని కీమో మందులకు జుట్టు ఊడదు, అయినా పనిచేస్తాయి.

అపోహ: క్యాన్సర్ వచ్చినవాళ్ల దువ్వెన, కంచం ముట్టుకుంటే మనకూ వస్తుంది.

వాస్తవం: క్యాన్సర్ అంటదు. కంచం విడిగా పెట్టడమంటే మనిషిని వెలివేయడమే.

ఊడిన తలను దాచుకోవడానికి ‘మొక్కు తీర్చుకున్నా’ అని చెప్పుకునే ఆడవాళ్లున్నారు. ఆ మాట వాళ్లిష్టం, నిలదీయకండి. ఇంట్లోవాళ్లు చేయాల్సింది వేరే ఉంది. వచ్చే ఫాలోఅప్‌కు వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద రాసి ఇవ్వండి: నీరసం ఏ వేళ ఎక్కువ, నిద్ర ఎలా ఉంది, బరువు ఎంత తగ్గింది, కాళ్ల తిమ్మిరి ఉందా, ఏ మాత్రలు వాడుతోంది. హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12 చూడాలా అని అడగండి. నీరసం ఉన్నంత మాత్రాన జబ్బు తిరగబెట్టినట్టు కాదు. కానీ కొత్త గడ్డ, తగ్గని నొప్పి, ఉన్నట్టుండి బరువు తగ్గడం, ఆయాసం, జ్వరం కనిపిస్తే ఫాలోఅప్ తేదీ దాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.