కట్టెలతో కాగే హాట్ టబ్: మైనస్ 15 డిగ్రీల చలిలో ఎలా వాడాలి, ఎలా కాపాడుకోవాలి?

ఈసారి మన గ్యాడ్జెట్‌కి బ్యాటరీ లేదు, ప్రాసెసర్ లేదు, చార్జర్ అసలే లేదు. చుట్టూ మంచు, మధ్యలో వేడి నీళ్ల తొట్టి, పక్కనే కట్టెల పొయ్యి. అంతే. ఫిన్లాండ్‌లో దీన్ని 'పల్యు' అంటారు. ఇక్కడ ఐటీ జాబుల్లో ఉన్న మన తెలుగు వాళ్లు చలికాలం సెలవుల్లో నలుగురైదుగురు కలిసి సరస్సు ఒడ్డున కాటేజ్ తీసుకోవడం మామూలే. సౌనాతో పాటు టబ్ కూడా ఉందంటే బుకింగ్ ఖాయం. ఓనర్ తాళాలు ఇచ్చేసి, గోడ మీద ఫిన్నిష్‌లో ఉన్న సూచనల కాగితం చూపించి వెళ్లిపోతాడు. పొయ్యి పాడైతే బిల్లు మాత్రం మనకే వస్తుంది. అందుకే ముందు ఇది ఎలా పనిచేస్తుందో చూద్దాం.

మన ఊళ్లలో రాగి బాయిలర్ చూసే ఉంటారు కదా. మధ్య గొట్టంలో నిప్పు, చుట్టూ నీళ్లు. ఐడియా అదే, సైజే వేరు. టబ్‌లలో రెండు రకాలు ఉంటాయి. ఒకదాంట్లో పొయ్యి నీళ్లలోనే మునిగి ఉంటుంది. ఇంకోదాంట్లో పొయ్యి బయట ఉంటుంది, టబ్‌కి పైన ఒకటి, కింద ఒకటి రెండు గొట్టాలతో కనెక్ట్ అవుతుంది. పొయ్యిలో వేడెక్కిన నీళ్లు తేలికై పై గొట్టం నుంచి టబ్‌లోకి వెళ్తాయి, ఆ ఖాళీలోకి కింద గొట్టం నుంచి చల్లనీళ్లు వస్తాయి. పంపు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. కానీ దీనికి ఒక షరతు ఉంది. నీటి మట్టం పై గొట్టం కంటే పైనే ఉండాలి. అంతకంటే తగ్గితే సర్క్యులేషన్ ఆగిపోతుంది, పొయ్యిలో ఇరుక్కున్న నీళ్లు మరిగిపోతాయి.

అందుకే మొదటి రూల్: ముందు నీళ్లు, తర్వాతే నిప్పు. చాలా పొయ్యిలు అల్యూమినియంవి. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. చుట్టూ నీళ్లున్నంత వరకే దానికి కూలింగ్. ఖాళీ టబ్‌లో మంట పెట్టడమంటే హీట్‌సింక్ పీకేసి ప్రాసెసర్‌ని ఫుల్ లోడ్‌లో నడిపినట్టే. ఇక్కడ మనల్ని కాపాడే థర్మల్ షట్‌డౌన్ కూడా లేదు. స్నానం అయ్యాక కూడా ఇదే లెక్క. నిప్పులు పూర్తిగా ఆరాకే నీళ్లు వదలాలి.

ఇప్పుడు అసలు లెక్కకి వద్దాం. టబ్‌లో 1500 లీటర్లు పట్టాయి అనుకుందాం. కుళాయి నీళ్లు 5 డిగ్రీలు, మనకి కావాల్సింది 38. అంటే 33 డిగ్రీలు పెంచాలి. దానికి పట్టే శక్తి దాదాపు 58 యూనిట్లు. అవును, కరెంటు బిల్లులో ఉండే యూనిట్లే. 5000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీలో ఉండేది 19 వాట్-అవర్లు, కాబట్టి దాదాపు 3000 ఫోన్లు ఫుల్ చార్జ్ చేసినంత! బాగా ఎండిన కట్టె కిలోకి సుమారు 4 యూనిట్లు ఇస్తుంది. అందులో మూడో వంతు పొగగొట్టంలోంచి పోయిందనుకున్నా 22 కిలోల కట్టెలు కావాలి. పైగా చలికి పోయే వేడి ఎక్స్‌ట్రా. 25 కిలోవాట్ల పొయ్యికి లెక్క ప్రకారం రెండు గంటల ఇరవై నిమిషాలు పడుతుంది. చలికాలంలో మూడు గంటలు అనుకుని ప్లాన్ చేసుకోండి. పచ్చి కట్టెలైతే ఆ లెక్క కూడా మర్చిపోండి. కొంత వేడి కట్టెలోని తడిని ఆవిరి చేయడానికే పోతుంది, పొగగొట్టంలో మసి పేరుకోవడం అదనం.

ఈ మూడు గంటలూ మూత వేసే ఉంచాలి. ఈ టబ్‌లో అన్నిటికంటే విలువైన పార్ట్ ఏదంటే నేను మూత అనే చెప్తాను. వేడి ఎక్కువగా పోయేది నీటి పైభాగం నుంచే. ఒక్క లీటరు నీళ్లు ఆవిరైపోతే దాంతో పాటు 0.67 యూనిట్ల వేడి కూడా పోతుంది.

చాలామందికి అర్థం కానిది ఆపడం. గీజర్‌లాగా స్విచ్ కట్టేస్తే ఆగిపోదు ఇది. టబ్‌ని 1 డిగ్రీ పెంచడానికి 1.75 యూనిట్లు చాలు. పొయ్యిలో ఇంకా రెండు కిలోల కట్టె మిగిలి ఉంటే అదొక్కటే దాదాపు 3 డిగ్రీలు పెంచేస్తుంది. కాబట్టి 35 రాగానే కట్టెలు వేయడం ఆపేయాలి. పైగా వేడి నీళ్లు పైన, చల్లనీళ్లు అడుగున ఉంటాయి. పైన చెయ్యి పెడితే చుర్రుమంటుంది, అడుగున కాళ్లు గడ్డకడతాయి. చెక్క తెడ్డుతో బాగా కలిపి, థర్మామీటర్ చూసి, అప్పుడు దిగండి. 40 డిగ్రీలు దాటితే వద్దు. 15-20 నిమిషాలకోసారి బయటికి రండి. గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా దిగొద్దు. మందు కొట్టి దిగడం అసలే వద్దు. వేడికి బీపీ పడిపోతుంది, లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి, పక్కనేమో ఐస్ మీద మెట్లు.

మేకర్ బ్యాచ్‌కి ఒక ఐడియా: రెండు డీఎస్18బీ20 వాటర్‌ప్రూఫ్ సెన్సర్లు, ఒక ఈఎస్‌పీ32 బోర్డు తీసుకోండి. ఒక సెన్సర్ పైన, ఒకటి అడుగున. 35 దాటితే ఫోన్‌కి అలర్ట్ వచ్చేలా కోడ్ రాయండి. మంట బాగా ఉన్నా రెండు రీడింగులూ కదలకపోతే గొట్టంలో ఏదో అడ్డుపడిందని అర్థం. నాకైతే స్మార్ట్ బల్బుల కంటే ఇదే పనికొచ్చే ఐఓటీ ప్రాజెక్ట్. కాకపోతే బోర్డుని పవర్‌బ్యాంక్‌తోనే నడపండి, నీళ్ల పక్కకి 230 వోల్టుల వైరు తేవద్దు.

ఇక మెయింటెనెన్స్. చలికాలంలో అసలు విలన్ గడ్డకట్టడం. నీళ్లు ఐస్ అయితే పరిమాణం దాదాపు 9 శాతం పెరుగుతుంది. గొట్టంలో, పొయ్యి గోడల మధ్య ఆ 9 శాతానికి చోటుండదు, లోహమే పగులుతుంది. కాబట్టి రెండే దారులు. వాడుతున్నన్ని రోజులూ మూత వేసి నీళ్లని వెచ్చగా ఉంచడం, లేదా మొత్తం ఖాళీ చేయడం. మొత్తం అంటే టబ్ ఒక్కటే కాదు, పొయ్యి అడుగున విడిగా డ్రైన్ ప్లగ్ ఉంటే అది కూడా తీయాలి. అందరూ మర్చిపోయేది అదే. గొట్టాల్లో ఐస్ ఉందని అనుమానం వచ్చినా నిప్పు పెట్టకండి. లోపల పుట్టిన ఆవిరికి బయటికి దారి ఉండదు, అది ప్రెషర్ కుక్కర్ కంటే డేంజర్.

ఫిల్టర్ లేని టబ్ అయితే వాడిన ప్రతిసారీ నీళ్లు మార్చాలి. 25 నుంచి 45 డిగ్రీల గోరువెచ్చని నీళ్లంటే లెజియోనెల్లా బ్యాక్టీరియాకి పండగ. సూడోమోనాస్ అనే ఇంకోటి ఒంటి మీద దద్దుర్లు తెప్పిస్తుంది. దిగే ముందు సబ్బుతో స్నానం చేయండి, నూనె రాసుకుని రావద్దు. ఫిల్టర్ ఉండి నీళ్లు దాచుకుంటే క్లోరిన్ కనీసం 3 పీపీఎం, పీహెచ్ 7 నుంచి 7.8 మధ్య ఉండాలి. కానీ క్లోరిన్ ఎక్కువైతే అల్యూమినియాన్ని తినేస్తుంది, ఉప్పు నీళ్లూ అంతే. మీ పొయ్యికి ఏది పడుతుందో మాన్యువల్ చూసి వేయండి. చల్లారిన బూడిద కూడా తీసేయాలి, తడి బూడిద అల్యూమినియాన్ని కొరికేస్తుంది. లోపల లైనర్ లేని చెక్క టబ్‌ని మాత్రం నెలల తరబడి ఎండగట్టకూడదు. పలకలు కుంచించుకుపోయి సందుల్లోంచి కారుతుంది. మళ్లీ నీళ్లు పోసి చెక్క ఉబ్బేదాకా ఆగాల్సిందే.

చివరిగా ఫోన్. ఐపీ68 టెస్ట్ చేసేది మామూలు మంచినీళ్లలో, వేడి నీళ్లలో కాదు, ఆవిరిలో కాదు. ఆపిల్ అయితే ఐఫోన్‌ని 0 నుంచి 35 డిగ్రీల మధ్యే వాడమంటుంది, సౌనాలోకి తీసుకెళ్లొద్దని కూడా చెప్తుంది. అంటే టబ్ లోపలా, బయటా రెండూ లిమిట్ దాటినవే. గట్టు మీద పెడితే చలికి 40 శాతం చార్జ్ ఉన్నా స్విచాఫ్ అయిపోవచ్చు. ఫోటోలు టబ్‌లో దిగకముందే తీసుకుని, ఫోన్ జాకెట్ లోపలి జేబులో పెట్టేయండి. చలిలో తడిసి గడ్డకట్టుకుపోయిన ఫోన్‌ని కాటేజ్‌లోకి రాగానే చార్జింగ్ పెట్టకండి. గది వేడికి వచ్చి, పోర్ట్‌లో తేమ ఆరేదాకా ఆగండి.