తాత అంబాసిడర్‌ని మోడిఫై చేశాం: ఏం కోయాలి, ఏం కోయకూడదు?

ఇక్కడ నేను ఎప్పుడూ ఫోన్లు, ఇయర్‌బడ్స్, పవర్‌బ్యాంకుల గురించే రాస్తుంటాను. ఈసారి గ్యాడ్జెట్ కొంచెం పెద్దది. బరువు టన్ను పైనే. స్క్రీన్ లేదు, సెన్సార్ లేదు, ఒక్క అప్‌డేట్ కూడా రాదు. తయారు చేసిన కంపెనీ 2014లోనే దీన్ని ఆపేసింది. అదే మా తాత హిందుస్తాన్ అంబాసిడర్, 1988 మోడల్ మార్క్ 4 పెట్రోల్.

పాత కారుని మోడిఫై చేయించాలి అని చాలామందికి ఉంటుంది. యూట్యూబ్‌లో పది నిమిషాల వీడియోలో తుప్పు కారు మెరిసిపోతూ బయటికొస్తుంది. నిజంగా షెడ్డులో ఏం జరుగుతుంది, ఎక్కడ డబ్బు పోతుంది, ఏది చట్టానికి ఒప్పు, ఏది తప్పు అన్నది ఎవరూ సరిగ్గా చెప్పరు. నాకు ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలల్లో నేర్చుకున్నదే ఈ ఆర్టికల్.

అసలు కథ

మాది శ్రీకాకుళం జిల్లా మందస దగ్గర ఒక పల్లె. ఉద్దానం అంటే కొబ్బరి, జీడి తోటలు. ఊళ్ళో ఎవరికి ఒంట్లో బాగోలేకపోయినా, పురిటి నొప్పులొచ్చినా ఒకప్పుడు మా తాత బండే అంబులెన్స్. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ రోజు మా తోటలో కొబ్బరి చెట్లు సగం పైగా పోయాయి. వాటిలో ఒకటి నేరుగా అంబాసిడర్ టాప్ మీద పడింది. టాప్ లోపలికి దిగిపోయింది, ఎడమ వైపు ముందు పిల్లర్ వంగింది. తాత దాని మీద టార్పాలిన్ కప్పి, ఆ తర్వాత దాని గురించి మాట్లాడటం మానేశాడు.

బీటెక్ అయ్యి, ఉద్యోగం వచ్చి, చేతిలో కాస్త డబ్బు చేరాక 2024లో బండిని ట్రాలీ మీద శ్రీకాకుళం తెచ్చాను. నా ప్లాన్ సింపుల్. టాప్ ఎలాగూ పోయింది కదా, పిల్లర్లు నాలుగు అంగుళాలు కోసి టాప్ కిందికి దించేద్దాం. సస్పెన్షన్ కూడా దించి, వెడల్పు టైర్లు వేసి, వీలైతే ఇంజన్ కూడా మార్చేద్దాం. ముంబైలో దిలీప్ ఛాబ్రియా అంబాసిడర్‌ని హాట్‌రాడ్‌గా మార్చిన ఫొటోలు ఫోన్‌లో సేవ్ చేసుకున్నా. మన హైదరాబాద్ సుధా కార్స్ మ్యూజియంలో షూ, క్రికెట్ బ్యాట్, కెమెరా ఆకారాల్లో నడిచే బళ్ళు చూసినప్పటి నుంచి ఉన్న పిచ్చి ఇది.

షెడ్డులో మేస్త్రీ నా ఫొటోలన్నీ ఓపిగ్గా చూశాడు. తర్వాత ఒకటే అడిగాడు. "రేకుదేటుంది బాబూ, కొయ్యమంటే పూటలో కోసేస్తాను. మరి అద్దాలు ఏటి సేస్తావు?"

టాప్ కోస్తే అద్దం ఏమవుతుంది?

ఫోన్‌కి వేసే టెంపర్డ్ గ్లాస్‌ని కత్తెరతో కట్ చేయగలమా? మూల కొంచెం గీరినా మొత్తం పగిలిపోతుంది. కారు డోర్ అద్దాలు కూడా టఫెండ్ గ్లాసే. వేడి చేసి ఒక్కసారిగా చల్లార్చడం వల్ల అద్దం పై పొర నొక్కుడులో, లోపలి పొర లాగుడులో ఉంటుంది. ఆ బ్యాలెన్స్ వల్లే దానికి బలం. కోశామంటే బ్యాలెన్స్ పోయి ముక్కలు ముక్కలవుతుంది. అంటే టాప్ దించాలంటే డోర్ అద్దాలన్నీ కొత్త సైజులో ప్రత్యేకంగా చేయించాలి. రేకు కోసే ఖర్చు కంటే ఆ అద్దాల ఖర్చే ఎక్కువ.

ఇంకో సంగతి. అంబాసిడర్ చూడటానికి లారీలా గట్టిగా ఉంటుంది కాబట్టి కింద వేరే ఛాసిస్ ఫ్రేమ్ ఉందనుకున్నా. లేదు. ఇది మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 మీద ఆధారపడిన డిజైన్, బాడీ మొత్తం ఒకటే పెట్టె. టాప్, పిల్లర్లు, ఫ్లోర్ అన్నీ కలిసి బరువు మోస్తాయి. అట్టపెట్టె మూత కోసేస్తే పెట్టె ఎలా మెలికపడుతుందో ఇదీ అంతే.

చట్టం ఏమంటుంది?

మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా దీన్నే గట్టిగా చెప్పింది. బాడీ, ఛాసిస్ లాంటి మౌలికమైనవి మార్చేస్తే రిజిస్ట్రేషన్‌కే ముప్పు. ఇంజన్ మార్చాలన్నా, ఎలక్ట్రిక్ కిట్ పెట్టాలన్నా ముందు అనుమతి కావాలి, ఆమోదం పొందిన కిట్టే వాడాలి. రంగు మారిస్తే ఆర్సీలో కూడా మార్పించాలి. సీట్ కవర్లు, ఆడియో లాంటి వాటితో సమస్య లేదు.

నన్ను ఆపేసిన రూల్ మాత్రం వేరే. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి 50 ఏళ్లు దాటిన బళ్ళకి వీఏ అక్షరాలతో నంబర్ ఇస్తారు, పదేళ్లు చెల్లుతుంది, ఫీజు 20,000 రూపాయలు. కండిషన్ ఏంటంటే బండి ఒరిజినల్ రూపంలో ఉండాలి. ఛాసిస్, బాడీ షెల్, ఇంజన్‌లో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. మా బండికి 2038లో 50 నిండుతాయి. ఇప్పుడు నాలుగు అంగుళాలు కోస్తే ఆ దారి శాశ్వతంగా మూసుకుపోతుంది. ఫోన్ రూట్ చేశాక వారంటీ పోతే కొత్త ఫోన్ కొనుక్కోవచ్చు. 1988 అంబాసిడర్‌ని కొత్తగా ఎవరూ తయారు చేయరు.

అయినా నాకు మనసొప్పలేదు. ఆ వారం ఇంటికి వెళ్ళినప్పుడు తాతని ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. ఫ్రెండ్ హ్యాచ్‌బ్యాక్ తెచ్చా. మోకాళ్ళు వంగక, తల కిందికి వంచలేక, ఎక్కడానికి ఆయన పడిన అవస్థ చూశాను. అంబాసిడర్ ఎత్తు దాదాపు 1.6 మీటర్లు. సీటు కుర్చీ ఎత్తులో ఉంటుంది, కూర్చుని కాళ్ళు లోపలికి తిప్పుకుంటే చాలు. ఊరంతా పేషెంట్లని ఈ బండిలోనే ఎందుకు ఎక్కించేవారో నాకప్పుడు అర్థమైంది. నేను కోయాలనుకున్న నాలుగు అంగుళాలే ఈ బండి అసలు ఫీచర్.

ప్లాన్ మార్చేశా. బయట 1988, లోపల వైర్లు మాత్రం 2024. దీన్నే రెస్టోమాడ్ అంటారు.

స్టెప్ 1: విప్పడం, కొలవడం

విప్పే ముందు ప్రతి భాగాన్నీ ఫోన్‌తో వీడియో తీయండి. బోల్టులని చిన్న కవర్లలో వేసి పేర్లు రాయండి. ఆరు నెలల తర్వాత మీకు ఏదీ గుర్తుండదు.

బాడీ కొలవడానికి ఐఫోన్ ప్రోలో ఉండే లైడార్‌తో 3డీ స్కాన్ చేద్దామనుకున్నా. షో బాగుంది కానీ పనికిరాలేదు. దాని కొలత సెంటీమీటరు అటూ ఇటూ పోతుంది, ఇక్కడ కావాల్సింది మిల్లీమీటర్లు. మేస్త్రీ టేపు తీసి విండ్‌షీల్డ్ గ్యాప్‌ని ఒక మూల నుంచి ఎదుటి మూలకి, మళ్లీ రెండో వైపు నుంచి కొలిచాడు. రెండు కొలతలూ సమానంగా ఉంటే చట్రం సరిగ్గా ఉన్నట్టు. మాకు 14 మిల్లీమీటర్లు తేడా వచ్చింది. పదో తరగతి లెక్కల్లో దీర్ఘచతురస్రం కర్ణాలు సమానం అని చదివాం కదా, అదే.

ఇంకో టూల్ ఫ్రిజ్ మాగ్నెట్. పాత కారు కొనేటప్పుడు దాన్ని బాడీ మీద అక్కడక్కడా పెట్టి చూడండి. ఎక్కడ అంటుకోకుండా జారిపోతుందో అక్కడ రేకు మీద లప్పం మందంగా ఉన్నట్టు.

స్టెప్ 2: టింకరింగ్

లోపల హైడ్రాలిక్ జాక్ పెట్టి పిల్లర్‌ని కొంచెం కొంచెంగా తోశారు. ఒక్కసారి తోస్తే రేకు చిరుగుతుంది. కర్ణాల తేడా 2 మిల్లీమీటర్లకి వచ్చేదాకా మూడు రోజులు. టాప్ రేకుని లోపల డాలీ పెట్టి బయట సుత్తితో కొట్టి లేపారు.

అసలు విలన్ చెట్టు కాదు, ఉప్పుగాలి. సముద్రం పక్క ఊళ్ళలో తుప్పు లోపలి నుంచి వస్తుంది. ఫ్లోర్ మ్యాట్ తీస్తే కింద నేల కనిపించింది. తుప్పు మీద లప్పం పూసి రంగు వేస్తే ఏడాదిలో మళ్లీ బుడగలు లేస్తాయి. గట్టి రేకు వచ్చేదాకా కోసి, కొత్త రేకు పెట్టి మిగ్ వెల్డింగ్ చేయాలి. అది కూడా గీతలా ఒకేసారి కాదు. ఇక్కడో చుక్క, అక్కడో చుక్క వేస్తూ, మధ్యలో చల్లారనివ్వాలి. లేకపోతే వేడికి పల్చటి రేకు అలలా వంకర పోతుంది.

దొరకని పార్టులు కొన్ని గాజువాక ఆటోనగర్‌లో, ఇంకొన్ని కోల్‌కతా మల్లిక్ బజార్‌లో దొరికాయి. కోల్‌కతాలో ఒకప్పుడు అంబాసిడర్ టాక్సీలు ఎక్కువగా ఉండేవి కాబట్టి పార్టులకి ఇప్పటికీ అదే అడ్డా.

స్టెప్ 3: రంగు

వరస ఇది: ఎపాక్సీ ప్రైమర్, పల్చగా లప్పం, సర్ఫేసర్, నీళ్ళ పేపర్‌తో రుద్దుడు, రంగు, చివర క్లియర్ కోట్. లప్పం రెండు మూడు మిల్లీమీటర్లు దాటితే అది రిపేర్ కాదు, మేకప్.

ఇక్కడ తప్పు నాదే. తాత పుట్టినరోజుకి ఇచ్చేయాలని తొందరపెట్టి, ముసురు పట్టిన రోజు బానెట్‌కి రంగు వేయించాను. గాలిలో తేమ కంప్రెసర్ గొట్టంలో నీళ్ళుగా మారి రంగుతో పాటు వచ్చింది. వారానికే బానెట్ మీద సూది మొనలంత గుంటలు. మొత్తం రుద్దేసి, విజయనగరంలో పెయింట్ బూత్ ఉన్న చోట మళ్లీ వేయించాం. మన కోస్తాలో ఎయిర్ లైన్‌కి మాయిశ్చర్ ట్రాప్ తప్పనిసరి.

ఇంకో ముఖ్యమైన మాట. టూ-కే పీయూ పెయింట్ హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఊపిరితిత్తులకి ప్రమాదం, ఆస్తమా తెప్పిస్తాయి. చాలా చోట్ల పెయింటర్లు ముక్కుకి జేబురుమాలు కట్టుకుని కొడుతుంటారు. అది దేన్నీ ఆపదు. బయటి నుంచి మంచి గాలి అందించే మాస్క్ ఉన్న చోటే పని ఇవ్వండి. మీ కారు మెరుపు కోసం ఇంకొకరి ఊపిరి పణంగా పెట్టొద్దు.

స్టెప్ 4: వైరింగ్, మన ఏరియా

పాత వైర్ల ఇన్సులేషన్ ముట్టుకుంటే పొడి అవుతోంది. మొత్తం కొత్త హార్నెస్ వేశాం, ప్రతి సర్క్యూట్‌కీ ఫ్యూజ్. 60 వాట్ల హెడ్‌లైట్ బల్బు 12 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు తీసుకుంటుంది, రెండూ కలిపి 10. ఇదంతా డాష్‌బోర్డ్ స్విచ్ గుండా పోతే దారిలోనే వోల్టేజ్ తగ్గిపోతుంది. 12 బదులు 10.5 చేరితే హాలోజన్ వెలుగు మూడో వంతు దాకా పడిపోతుంది. అందుకే రిలే పెట్టాలి. స్విచ్ రిలేని మాత్రమే ఆన్ చేస్తుంది, కరెంట్ బ్యాటరీ నుంచి నేరుగా బల్బుకి పోతుంది. చవక ఎల్‌ఈడీ బల్బులు వద్దు. పాత రిఫ్లెక్టర్‌లో అవి ఎదుటివాడి కళ్ళలో కొడతాయి.

గ్లోవ్ బాక్స్‌లో దాక్కునేలా బ్లూటూత్ ఆడియో, 30 వాట్ల యూఎస్‌బీ-సీ ఛార్జర్ పెట్టాను. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని కదా అని ఆ కనెక్షన్ నేనే ఇచ్చా. పది రోజుల తర్వాత బండి స్టార్ట్ కాలేదు. మల్టీమీటర్ పెడితే బండి ఆఫ్‌లో ఉన్నా 0.12 ఆంపియర్లు పోతున్నాయి. రోజుకి దాదాపు 2.9 ఆంపియర్ అవర్లు, పది రోజులకి 29. బ్యాటరీ కెపాసిటీయే 40. కారణం? మెమరీ కోసం ఉండే పసుపు వైరుతో పాటు, కీ తిప్పితేనే కరెంట్ రావాల్సిన ఎర్ర వైరుని కూడా నేరుగా బ్యాటరీకే ఇచ్చేశాను. క్లాసిక్ బగ్.

పెట్రోల్ లైన్ మాత్రం మర్చిపోవద్దు. ఇప్పుడు బంకుల్లో వచ్చే ఈ20 పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. పాత రబ్బరు గొట్టాలని అది మెత్తబరుస్తుంది, తేమని పీల్చుకుంటుంది. ఇథనాల్‌ని తట్టుకునే గొట్టాలు వేయించండి, నెలల తరబడి ట్యాంక్‌లో పెట్రోల్ నిల్వ ఉంచొద్దు.

వెర్డిక్ట్

మొత్తం ఖర్చు నాకు లక్షా ఎనభై వేలు దాటింది. అందులో పెయింట్ రెండోసారి వేయించిన దండగ కూడా ఉంది. నచ్చినవి: సీటింగ్, రాత్రి వెలుగు, తలుపు వేస్తే వచ్చే ఆ దబ్ మనే శబ్దం. నచ్చనివి: స్టీరింగ్ ఇంకా బరువే, ఏసీ లేదు, నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే కాబట్టి ముందు బండికి దూరంగా నడపాలి. ఇంజన్ పవర్ పెంచకపోవడం మంచిదైంది. ఆగే శక్తి పెరగకుండా పరిగెత్తే శక్తి పెంచకూడదు.

ఆర్సీ గడువు 2023లోనే అయిపోయింది. ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించాను. ఛాసిస్ నంబర్, ఇంజన్ నంబర్, తెల్ల రంగు అన్నీ ఆర్సీలో ఉన్నట్టే ఉన్నాయి కాబట్టి ఏ ప్రశ్నా రాలేదు. కోసి ఉంటే ఆ రోజు ఏం జరిగేదో ఊహించుకోండి.

బండి ఊరికి చేరిన రోజు తాత చుట్టూ తిరిగి చూశాడు. టాప్ మీద చెయ్యి వేసి, చెట్టు పడిన చోటు వెతికాడు. దొరకలేదు. తలుపు తీసి, ఎవరి సాయం లేకుండా కూర్చుని, కాళ్ళు లోపలికి తిప్పుకున్నాడు.

"ఏట్రా, ఇంతకీ నువ్వు మార్చిందేటి?" అన్నాడు.

ఎనిమిది నెలల పనికి నాకొచ్చిన బెస్ట్ రివ్యూ అదే.