కనబడని విద్యుద్భారం

ఇంటిలో దీపం వెలిగినప్పుడు తీగల గుండా వచ్చే ప్రవాహమంతా వెలుగుకే వినియోగమవుతుందని పలువురు భావిస్తారు. ఫిలమెంటు బల్బు, ఇస్త్రీపెట్టె వంటి వాటి విషయంలో తీసుకొన్న ప్రవాహం వృథా కాదు. కాని చోక్ గల ట్యూబులైటు, మోటారు వంటివి అవసరానికి మించిన ప్రవాహాన్ని రప్పించి, అందిన శక్తిలో కొంత భాగాన్ని వాడుకోకుండానే తిప్పి పంపుతాయి. వాస్తవంగా వినియోగమైన సామర్థ్యానికీ, వోల్టేజి, ప్రవాహాల లబ్ధానికీ గల నిష్పత్తిని సామర్థ్య కారకం లేదా పవర్ ఫ్యాక్టర్ అంటారు. దీని గరిష్ఠ విలువ 1.

40 వాట్ల ట్యూబులైటు పాతరకపు చోక్‌తో కలిసి సుమారు 50 వాట్లు వినియోగిస్తుంది. 230 వోల్టుల వద్ద ఇందుకు 0.22 ఆంపియర్లు చాలును. అయితే అది సుమారు 0.43 ఆంపియర్లు తీసుకొంటుంది. అనగా దాని సామర్థ్య కారకం 0.5 మాత్రమే. చోక్‌లోని అయస్కాంత క్షేత్రం వల్ల ప్రవాహం వోల్టేజి కంటె వెనుకబడడమే ఇందుకు కారణం. తగిన కెపాసిటరును జతచేస్తే ఈ లోపం చాలవరకు తొలగుతుంది.

చౌకరకపు ఎల్.ఇ.డి. బల్బులు, చార్జర్ల లోపం వేరు. వీటిలోని వలయం వోల్టేజి గరిష్ఠ స్థాయికి చేరిన స్వల్ప వ్యవధిలోనే ప్రవాహాన్ని తీసుకొంటుంది. అందువల్ల తరంగ రూపమే వికృతమవుతుంది. దీనిని బయట తగిలించిన కెపాసిటరు సరిదిద్దలేదు. సాధనంలోనే సవరణ వలయం ఉండాలి.

ప్లగ్గులో పెట్టినంతనే బిల్లు తగ్గుతుందని చెప్పి అమ్మే పెట్టెలలో సాధారణంగా ఉండేది కెపాసిటరే. గృహ బిల్లు కిలోవాట్ గంటల లెక్కన, అనగా వినియోగమైన శక్తిని బట్టి వస్తుంది. సామర్థ్య కారకం పెరిగినా ఆ శక్తి తగ్గదు కనుక, ఆ పెట్టె కొన్నవారికి ఖర్చే మిగులుతుంది.

మరి నష్టపోయేదెవరు? తీగలలో వేడిగా పోయే శక్తి ప్రవాహపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ప్రవాహం రెట్టింపైతే నష్టం నాలుగు రెట్లవుతుంది. ట్రాన్స్‌ఫార్మర్లపై భారం పెరుగుతుంది. ఆ వ్యయం చివరకు విద్యుత్ చార్జీల రూపంలో ప్రజలందరిపై పడుతుంది. అందుకే తెలుగు రాష్ట్రాలలో భారీ పరిశ్రమలకు కిలోవోల్ట్ ఆంపియర్ గంటల లెక్కన బిల్లు వేస్తారు.

ఇందువల్ల ఎల్.ఇ.డి. దీపాలను విడనాడనవసరం లేదు. సామర్థ్య కారకం 0.5 ఉన్నప్పటికీ 9 వాట్ల దీపం మోపే భారం 18 వోల్ట్ ఆంపియర్లే. 60 వాట్ల ఫిలమెంటు బల్బు భారం 60. అయినను, కొనేటప్పుడు 0.9కి తగ్గని సామర్థ్య కారకం గల దీపాన్ని ఎన్నుకోవడం మేలు. దాని ఫలితం ఒక ఇంటి బిల్లులో కనిపించకపోయినా, ఊరి కంతటికీ విద్యుత్తును మోసుకొచ్చే తీగలకు అది ఊరట.