మీట నొక్కితే మాట

ఖరగ్‌పూర్ పట్టణంలో తెలుగు మాట చెవిన పడడం వింత కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో వర్క్‌షాపు పనులకై తీరాంధ్ర నుండి తరలివెళ్ళిన కుటుంబాల సంతతి నేటికీ అక్కడ ఉన్నది. ఇంటిలో తెలుగు, వీధిలో బెంగాలీ, రైల్వే కాలనీలో హిందీ, పాఠ్యపుస్తకంలో తరచు ఇంగ్లీషు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషగా గుర్తింపు ఇవ్వాలని నిర్ణయించినప్పుడు ఈ పట్టణపు తెలుగువారు సంతోషించారంటే ఆశ్చర్యం లేదు.

ఆ పట్టణంలోనే హిజ్లీ ప్రాంతంలో ప్రేమ్ బజార్ ఉన్నది. దానిని ఆనుకొనియే ఐ.ఐ.టి. ప్రాంగణం. 1931 సెప్టెంబరు 16న ఇద్దరు రాజకీయ ఖైదీలు తుపాకి గుండ్లకు బలి అయిన హిజ్లీ నిర్బంధ శిబిరంలోనే 1951లో దేశపు మొట్టమొదటి ఐ.ఐ.టి. తరగతులు ఆరంభమైనవి. ఈ చరిత్ర ఎంత చెప్పినా తరగదు గాని, ఈ నెల మా ప్రస్తావన వేరు.

చదువులో బొమ్మను, ధ్వనిని, కంప్యూటరును కొత్త తీరున వినియోగించినవారికి ఇచ్చే పురస్కారాలు నేడు అనేకం ఉన్నవి. బహ్రెయిన్ ఆర్థిక సహాయంతో 2005లో ఏర్పడిన యునెస్కో కింగ్ హమద్ బహుమతి వాటిలో ప్రసిద్ధమైనది. మన కేంద్ర ప్రభుత్వం కూడా కంప్యూటరు సహాయంతో బోధించే పాఠశాల ఉపాధ్యాయులకు జాతీయ పురస్కారం నెలకొల్పినది. ఇటువంటి వార్తలు చదివినప్పుడు మాకు మన సంస్థలోని సలహాల పథకం గుర్తుకు వస్తుంది. సలహాల పెట్టెలో పడిన కాగితాలలో బహుమతి పొందేది ఖరీదైన యంత్రం కొనమన్నది కాదు. ఎవరి చెయ్యి ఎక్కడ నలుగుతున్నదో గమనించి రాసినది. మల్టీమీడియా పురస్కారాల విషయంలోనూ ఇదే కొలబద్ద సరియైనదని మా అభిప్రాయం. ప్రేమ్ బజార్ పక్కన జరిగిన ఒక పని ఇందుకు నిదర్శనం.

సెరిబ్రల్ పాల్సీ అను స్థితితో జన్మించిన శిశువుకు మెదడు నుండి కండరాలకు అందవలసిన ఆజ్ఞలు సరిగా అందవు. అటువంటి పిల్లలలో అనేకులకు బుద్ధి చక్కగా ఉంటుంది. పాఠం అర్థమవుతుంది, జవాబు తెలుస్తుంది. కాని నాలుక సహకరించదు, వేళ్ళు కలం పట్టవు. తరగతిలో మౌనంగా కూర్చున్న ఆ బిడ్డను చూసి లోకం మందమతి అని తీర్మానించి వేస్తుంది. మన టౌన్‌షిప్‌లలోనూ అటువంటి పిల్లలను పెంచుతున్న తలిదండ్రులు ఉన్నారు. వారికి ఈ సంగతి మేము వివరించనక్కరలేదు.

ఐ.ఐ.టి. ఖరగ్‌పూర్ కంప్యూటర్ సైన్స్ విభాగంలో ఆచార్యులు అనుపమ్ బసు, వారి సహచరులు 2000 ప్రాంతంలో ఈ పిల్లల కొరకు 'సన్‌యోగ్' అను ఉపకరణాన్ని రూపొందించారు. కలకత్తాలో 1974 నుండి ఇటువంటి పిల్లల కొరకు పనిచేస్తున్న సంస్థ, నేటి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సెరిబ్రల్ పాల్సీ, దానిని పిల్లలతో వాడించి చూచుటలో తోడ్పడినది.

పనిచేసే తీరు ఇది. కంప్యూటరు తెరపై బొమ్మలు వరుసగా ఉంటాయి: అమ్మ, నేను, బడి, అన్నం, వెళ్ళుట, తినుట. మౌస్ పట్టలేని బిడ్డకు మౌస్ ఇచ్చి ప్రయోజనం లేదు గనుక, ఒక వెలుగు తనంతట తానే ఒక బొమ్మ నుండి మరొక బొమ్మకు జరుగుతూ ఉంటుంది. కోరిన బొమ్మపైకి వెలుగు వచ్చినప్పుడు బిడ్డ ఒకే ఒక మీట నొక్కాలి. చేతితోనే అననక్కరలేదు, శరీరంలో ఏ భాగం అదుపులో ఉంటే దానితో, పాదంతోనైనా, తలతోనైనా నొక్కవచ్చును. అట్లు ఎన్నుకొన్న బొమ్మలను కంప్యూటరు ఒక పూర్తి వాక్యంగా కూర్చి చదివి వినిపిస్తుంది. ఒక వాక్యానికి నిమిషాలు పట్టవచ్చును. ఆ నిమిషాలు వేచి ఉండే ఓపిక ఎదుటివారికి ఉండాలి. అది ఏ యంత్రమూ ఇవ్వలేనిది.

ఈ కోవలోని కృషికి అనుపమ్ బసు 2004లో డా విన్సీ అవార్డును, 2007లో వికలాంగులకు ఉపకరించే ఉత్తమ సాంకేతిక ఆవిష్కరణకు జాతీయ పురస్కారాన్ని అందుకొన్నారు.

ఇక మన భాష సంగతి. సన్‌యోగ్ వాక్యాలు కూర్చినది ఇంగ్లీషు, హిందీ, బెంగాలీ భాషలలో. బొమ్మకు భాష లేదు, ఎవరికైనా బడి బడియే. కాని వాక్యానికి భాష ఉన్నది. బెంగాలీలో అన్న వెళ్ళినా అక్క వెళ్ళినా క్రియ ఒకటే. తెలుగులో అన్న వెళ్ళాడు, అక్క వెళ్ళింది, మాస్టారు వెళ్ళారు. 'బడి'కి 'కి' చేర్చితే బడికి అవుతుంది; 'ఇల్లు'కు చేర్చితే ఇంటికి, 'పొలం'కు చేర్చితే పొలానికి, 'చెయ్యి'కి చేర్చితే చేతికి. ఇవన్నియు మన పిల్లలకు అమ్మ ఒడిలోనే అబ్బుతాయి. యంత్రానికి మాత్రం ఎవరో ఒకరు కూర్చుండి ఒక్కొక్కటిగా నేర్పాలి. ఖరగ్‌పూర్‌లో మాట రాని తెలుగు బిడ్డ ఒకరు ఉంటే, ఆ మీట నొక్కి బెంగాలీలో తన ఆకలిని చెప్పగలిగి ఉండును గాని అమ్మమ్మతో తన భాషలో చెప్పగలిగి ఉండేది కాదు.

ఒకే బొమ్మకు వేర్వేరు భాషలు అన్నది కొత్త ఆలోచన కాదు. 1975 ఆగస్టు నుండి 1976 జులై వరకు అమెరికా ఉపగ్రహం సహాయంతో మన దేశంలో జరిగిన సైట్ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాల వారు సామూహిక టెలివిజన్ చూశారు. ఒక్క చిత్రంతోపాటు రెండు ధ్వని మార్గాలు ప్రసారమగు ఏర్పాటు అందులో ఉన్నది. అందువలన ఒకే బొమ్మను రెండు భాషలవారు చూడగలిగారు. చెట్టుకింద కూర్చుండి ఆ టీవీ చూసినవారు మన పాఠకులలో కూడా ఉండవచ్చును.

ఆ తరువాత తెలుగు వెనుకబడలేదు. టాటా సామాజిక విజ్ఞాన సంస్థ అమెరికాలోని ఎం.ఐ.టి.తోను, టాటా ట్రస్టులతోను కలిసి నడిపిన 'క్లిక్స్' కార్యక్రమం తెలంగాణ, రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, మిజోరం ప్రభుత్వ ఉన్నత పాఠశాలలలో కంప్యూటరు పాఠాలను ప్రవేశపెట్టినది. వాటిని తెలుగులోనూ తయారుచేసినది. 2017 సంవత్సరపు యునెస్కో కింగ్ హమద్ బహుమతిని మొరాకో దేశపు కార్యక్రమంతోపాటు అందుకొన్నది. అదే బహుమతి 2021 సంవత్సరానికి, కరోనా కాలంలో టీవీ ద్వారా పాఠాలు చెప్పిన పి.ఎం. ఈ-విద్య కృషికి గాను, ఎన్.సి.ఇ.ఆర్.టి. అనుబంధ సంస్థకు దక్కినది. మాట రాని పిల్లల కొరకు ఐ.ఐ.టి. బొంబాయిలో రూపొందిన 'జెల్లో' వంటి యాప్‌లు నేడు మామూలు ఫోనులోనే బొమ్మలను పలికిస్తున్నవి, భారతీయ భాషలలో కూడా. ఒకనాడు బల్లంత కంప్యూటరు చేసిన పనికి నేడు జేబులోని ఫోను సరిపోతున్నది.

అయినను ఒక చిక్కు మిగిలియే ఉన్నది. ఈ వ్యాసం రాస్తూ మేము కూడా ఆటగా కొన్ని బొమ్మలు కాగితంపై గీసి చూశాము. అమ్మకు, బడికి, అన్నానికి గీయగలిగాము. 'మేము' వద్ద ఆగిపోయాము. ఎదుటివానిని కలుపుకొంటే 'మనం', విడిచిపెడితే 'మేము'. ఇంగ్లీషుకు, హిందీకి, బెంగాలీకి ఈ బాధ లేదు. ఒక్క మాటతో సరిపెట్టుకొంటాయి. నలుగురు పిల్లల బొమ్మ గీస్తే అది మనమా, మేమా? "మనం ఆడుకుందాం" అన్న బిడ్డను యంత్రం "మేము ఆడుకుంటాము" అని పలికిస్తే, చెంత నిలిచిన స్నేహితుడు చిన్నబోయి వెళ్ళిపోడా? ఈ రెండు మాటలకు రెండు బొమ్మలు ఎట్లు గీయవలెనో తోచిన పాఠకులు, ముఖ్యంగా బాలపాఠకులు, పోస్టుకార్డుపై గీసి సంపాదకవర్గానికి పంపగలరు.