పువ్వు ఇక్కడ, పురుగు అక్కడ

ఉష్ణమండల వృక్షోద్యానాల్లో సందర్శకులు ముచ్చటపడే వింత పూలు చాలావరకు పరాయి నేలలవే. చెట్టును విత్తనంగానో మొక్కగానో ఓడెక్కించి తేగలిగారు. ఆ పువ్వు ఏ పురుగు కోసం అలా పూస్తుందో ఆ పురుగును మాత్రం తేలేకపోయారు. హుగ్లీ నది పడమటి ఒడ్డున, హౌరాలోని శిబ్‌పూర్‌లో 273 ఎకరాల్లో ఉన్న ఆచార్య జగదీశ్ చంద్రబోస్ భారతీయ వృక్షోద్యానంలో ఈ సంగతి చెట్టు చెట్టుకూ కనిపిస్తుంది. ఇక్కడికి వచ్చేవాళ్లలో చాలామంది మహా మర్రిని చూసి తిరుగుముఖం పడతారు. మర్రి గొప్పదే, సందేహం లేదు. కాకపోతే దాన్ని చూడటానికి పది నిమిషాలు చాలు. పూలకు మాత్రం రోజంతా ఇవ్వాలి.

రెండు రాత్రుల పువ్వు

అమెజాన్ నదీ ప్రాంతపు విక్టోరియా కలువను అందరూ ఆకును బట్టే గుర్తుపెట్టుకుంటారు. రెండు మీటర్లు దాటి పెరిగే ఆ ఆకు అంచులు పళ్లెంలా పైకి లేచి ఉంటాయి. అడుగున ముళ్లు, వాటి మధ్య లావాటి ఈనెలు. 1849లో ఇంగ్లండ్‌లోని చాట్స్‌వర్త్‌లో ఈ మొక్కను పూయించిన జోసెఫ్ పాక్స్‌టన్ తన కూతుర్ని ఆకు మీద నిలబెట్టి దాని బలాన్ని లోకానికి చూపించాడు. 1851లో లండన్‌లో తాను కట్టిన క్రిస్టల్ ప్యాలెస్ అనే గాజు భవనానికి ఆ ఈనెల అమరికే స్ఫూర్తి అని చెప్పుకున్నాడు. అప్పటి నుంచి పేరంతా ఆకుదే అయింది. ఇది పువ్వుకు జరిగిన అన్యాయమే.

ఆ పువ్వు కథను పూర్తిగా విప్పి చెప్పింది 1975లో అచ్చయిన ఒక పరిశోధన పత్రం. బ్రెజిల్‌లోని మనౌస్ దగ్గర గిలియన్ ప్రాన్స్, జోర్జ్ ఆరియాస్ ఈ కలువలను గమనించి రాసినది. పొద్దుగూకే వేళకు మొగ్గ విచ్చుకుంటుంది. తొలి రాత్రి రేకులు తెల్లగా ఉంటాయి, మాగిన పండు వాసన గుప్పుమంటుంది. పువ్వు తనలో దాచుకున్న పిండిపదార్థాన్ని ఖర్చుపెట్టి వేడిని పుట్టిస్తుంది. లోపలి వేడి చుట్టూ ఉన్న గాలికన్నా పది డిగ్రీల దాకా పెరగవచ్చు. ఆ వేడికి వాసన దూరం పాకుతుంది. దాన్ని పట్టుకుని సైక్లోసెఫాలా అనే పెంకుపురుగులు వచ్చి పువ్వు అడుగున ఉన్న గదిలోకి దూరతాయి. తినడానికి అక్కడ పిండి నిండిన కండ ఉంటుంది.

ఆ రాత్రికి అది ఆడ పువ్వు. కీలాగ్రం పుప్పొడి అందుకోవడానికి సిద్ధంగా ఉంటుంది, కేసరాలు ఇంకా పగలవు. పురుగులు వేరే పువ్వు నుంచి ఒంటికి అంటించుకొచ్చిన పుప్పొడి కీలాగ్రానికి చేరుతుంది. తెల్లారేసరికి రేకులు మూసుకుంటాయి, మేతకు వచ్చిన పురుగులు లోపలే చిక్కుబడతాయి. పగలంతా పువ్వు రంగు తెలుపు నుంచి గులాబీకి తిరుగుతూ ఉంటుంది. ఈలోగా కేసరాలు పగిలి పుప్పొడి బయటపడుతుంది. రెండో సాయంత్రం మళ్లీ విచ్చుకునేసరికి అదే పువ్వు మగదైపోతుంది. వాసన ఉండదు, వేడీ ఉండదు. ఒంటినిండా పుప్పొడితో పురుగులు పైకి వచ్చి, వాసన వేసే మరో తెల్ల పువ్వును వెతుక్కుంటూ ఎగిరిపోతాయి. పని తీరిన పువ్వు ముడుచుకుని నీళ్లలోకి దిగిపోతుంది.

శిబ్‌పూర్ కొలనులో ఆ పెంకుపురుగు లేదు. అయినా పువ్వు వేడెక్కుతుంది, వాసన వేస్తుంది, తెల్లారితే ఖాళీ గదికే తలుపు మూసుకుంటుంది. పురుగు లేని తోటల్లో విత్తనం కావాలంటే తోటమాలులే ఒక పువ్వు పుప్పొడిని ఇంకో పువ్వుకు అందిస్తుంటారు. పైగా ఈ తతంగమంతా చీకటి పడ్డాకే. తోట గేట్లు అప్పటికి మూసేస్తారు కాబట్టి మామూలు సందర్శకుడికి ఆకే మిగులుతుంది. విక్టోరియా పూసే రోజుల్లో ఒకటి రెండు సాయంత్రాలైనా గేట్లు తెరిచి ఉంచితే ఎంత బాగుంటుందో!

తుమ్మెద దొరికిన చెట్టు

నాగమల్లిది ఇందుకు భిన్నమైన కథ. శివాలయాల ఆవరణల్లో పెంచుకునే ఈ చెట్టును మన చెట్టేనని అనుకుంటాం. దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా, మధ్య అమెరికా అడవులు. కొమ్మల చివర కాకుండా మాను మీద నుంచే, నేలకు జానెడెత్తు దాకా పూల గెలలు వేలాడుతుంటాయి. రాలిన పువ్వును చేతిలోకి తీసుకుని చూడాలి. దళసరి రేకులు ఆరు, లోపలివైపు ఎరుపు. మధ్యలో అండాశయం. దాని చుట్టూ పొట్టి కేసరాలు ఉంగరంలా కూర్చుంటాయి. ఆ ఉంగరం ఒక పక్క నుంచి నాలుకలా సాగి, పైకి వంగి పడగ పడుతుంది. పడగ లోపల కూడా కేసరాలుంటాయి గానీ అవి పొడవైనవి.

భక్తులు లింగాన్నీ నాగుపామునూ చూసే ఈ అమరికలో రెండు రకాల పుప్పొడి ఉంది. పడగలోని పుప్పొడి మొలకెత్తదు, అది మేత కోసం. ఉంగరంలోనిదే విత్తనం కట్టించేది. తేనె లేని పువ్వు కాబట్టి తేనెటీగ, తుమ్మెద పడగలోని మేత కోసమే దూరతాయి. అవి మేత ఏరుకుంటుండగా ఉంగరంలోని పుప్పొడి వీపుకూ తలకూ అంటుకుంటుంది. నాగమల్లి కుటుంబపు చెట్లలో రెండు పుప్పొళ్ల తేడాను 1980లో ‘సైన్స్’ పత్రికలో వివరించిన ముగ్గురిలో కలువ గుట్టు విప్పిన ప్రాన్స్ కూడా ఒకరు. పరాయి దేశం వచ్చినా ఈ చెట్టుకు ఇబ్బంది లేదు. మన నల్ల గండుతుమ్మెద దానికి సరిగ్గా సరిపోయింది.

అంత అదృష్టం అన్నిటికీ దక్కలేదు. బర్మాలో సాల్వీన్ నది దగ్గర ఒక బౌద్ధ మఠం తోటలో, శిబ్‌పూర్ తోటను నడిపిన నాథనియేల్ వాలిచ్ చూసిన ఆమ్‌హర్‌స్టియా ఎర్రటి పూలగుత్తులను జుమికీల్లా వేలాడదీస్తుంది. పెద్ద రేకు చివర పసుపు మచ్చ ఉంటుంది. ఇంత సొగసూ ఉండి విత్తనం కట్టడం మహా అరుదు, అంటుతొక్కి పెంచాల్సిందే. సీషెల్స్ దీవుల జంట కొబ్బరిని ఇక్కడ 1894లో నాటారు. లోకంలోకెల్లా పెద్ద విత్తనం దీనిదే. పూయడానికి నూరేళ్ల దాకా పట్టింది. తీరా అది ఆడ చెట్టని తేలింది, దగ్గర్లో మగ చెట్టు లేదు. శ్రీలంక నుంచి, తర్వాత థాయిలాండ్ నుంచి పుప్పొడి తెప్పించి శాస్త్రవేత్తలు చేత్తో అద్దితే కాయ పట్టింది.

ఇక చరిత్ర క్లుప్తంగా. 1787లో రాబర్ట్ కిడ్ అనే సైనికాధికారి ఈస్టిండియా కంపెనీ కోసం టేకు, సుగంధద్రవ్యాలు పెంచాలని ఈ తోట మొదలుపెట్టాడు. 1793లో విలియం రాక్స్‌బర్గ్, ఆ తర్వాత వాలిచ్ దీన్ని విజ్ఞానకేంద్రంగా మలిచారు. 1864, 1867 తుఫాన్లు తోటను ఊడ్చేశాయి. 1871లో వచ్చిన జార్జ్ కింగ్ చెరువులు తవ్వించి ఇప్పటి రూపం ఇచ్చాడు. మహా మర్రి అసలు మాను బూజు పట్టడంతో 1925లో తొలగించారు, చెట్టు ఊడల మీదే నిలిచింది. ఇప్పటి పేరు 2009లో వచ్చింది.

సామర్లకోట నుంచి శిబ్‌పూర్‌కు

రాక్స్‌బర్గ్ కలకత్తా వెళ్లక ముందు సామర్లకోటలో పన్నెండేళ్లు పనిచేశాడు. మిరియాలు, నీలిమందు, చెరకు పెంచి చూశాడు. స్థానిక చిత్రకారులతో మొక్కల బొమ్మలు వేయించాడు. వాటిలోంచి ఎంపికచేసిన 300 చిత్రాలు 1795, 1820 మధ్య ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ పేరిట మూడు సంపుటాలుగా లండన్‌లో వెలువడ్డాయి. అందులో మన మోదుగ ఉంది, మొక్కల తెలుగు పేర్లూ ఉన్నాయి. గీసినవాళ్ల పేర్లు లేవు.

ఎప్పుడు వెళ్లాలి

చలి తగ్గి ఎండ ముదిరేలోపు ఆమ్‌హర్‌స్టియా గుత్తులు చూడవచ్చు. కలువ ఆకులు వానాకాలంలో బాగా పరుచుకుంటాయి. నాగమల్లి దగ్గరికి మాత్రం గేట్లు తెరవగానే వెళ్లాలి. పూలు పొద్దున్నే తాజాగా, సువాసనతో ఉంటాయి, తుమ్మెదలూ అప్పుడే వస్తాయి.