ఫ్లోరైడ్ జిల్లా నుంచి పెట్ స్కాన్ గదికి

నల్లగొండ అనగానే బయటివాళ్లకు ముందు గుర్తొచ్చేది ఫ్లోరైడ్. హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే ఒకాయన నాతో "మీది నల్లగొండా? పళ్లు బాగానే ఉన్నాయే!" అన్నాడు. ఏం చెప్తాం, నవ్వి ఊరుకున్నా. 1955లో డాక్టర్ సిద్ధిఖీ మా జిల్లా జనం ఎముకల బాధ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. తర్వాత నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం కలిపి నీళ్లలోంచి ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతి కనిపెడితే దానికి 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు వచ్చింది. రోగమూ మా పేరు మీదే, విరుగుడూ మా పేరు మీదే.

ఆ ఫ్లోరిన్‌కే ఒక తోబుట్టువు ఉంది. పేరు ఫ్లోరిన్-18. నేలలో దొరకదు. సైక్లోట్రాన్ అనే యంత్రంలో ప్రోటాన్లతో కొట్టి తయారుచేస్తారు. 110 నిమిషాల్లో సగం అయిపోతుంది. దీన్ని గ్లూకోజ్ లాంటి అణువుకు తగిలిస్తే ఎఫ్‌డీజీ అవుతుంది. దాన్ని మొదటిసారి మనిషికి ఇచ్చింది 1976లో, అమెరికాలోని పెన్సిల్వేనియా యూనివర్సిటీలో. ఒంట్లో ఏ కణాలు ఎక్కువ ఆకలి మీద ఉంటే అవి దీన్ని ఎక్కువ లాక్కుంటాయి. క్యాన్సర్ కణాలకు ఆకలి ఎక్కువ. అందుకే పెట్ స్కాన్‌లో అవి మెరుస్తాయి. ఎక్స్‌రే, సీటీ ముఖ్యంగా ఆకారం చూపిస్తాయి. ఇది లోపల ఏం పని జరుగుతోందో చూపిస్తుంది. మాలిక్యులర్ ఇమేజింగ్ అంటే ఇదే.

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసుకునే నాకు ఈ గొడవంతా ఎందుకంటే, మా చిన్నమ్మ కూతురి వల్ల. నల్లగొండలో బీఎస్సీ అయ్యాక అందరిలా బీఈడీ అనకుండా "అన్నా, న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజీ ఎమ్మెస్సీ చేస్త" అంది. మా ఇంట్లో ఆ మాట విన్నవాళ్లు ఎవరూ లేరు. మాది దేవరకొండ దిక్కు. చిన్నమ్మ నా మీద పడ్డది: "ఏందిరా, ఆడపిల్లను తీస్కపోయి గా రేడియేషన్ల పడేస్తవా? రేపు పెండ్లి కావాల్నా వద్దా? పిల్లలు పుట్టరంటున్నరు. మన దిక్కు యురేనియం తవ్వుతమంటే ఊర్లన్నీ అడ్డం పడలే? గదే గద ఇది!"

ఆ భయాన్ని నేను తీసిపారేయలేను. లంబాపూర్, పెద్దగట్టు యురేనియం గనుల మాట మేం చిన్నప్పటి నుంచి వింటున్నదే. 2019లో నల్లమల కోసం అమ్రాబాద్ జనం రోడ్డెక్కారు, ఆ సెప్టెంబర్‌లోనే తవ్వకాలు వద్దని అసెంబ్లీ తీర్మానం కూడా చేసింది. ఇక్కడి వాళ్లకు రేడియేషన్ అంటే పుస్తకంలో పాఠం కాదు, తాగే నీళ్ల సంగతి.

కానీ రెండూ ఒకటి కావు. యురేనియం-238 సగానికి రావడానికి దాదాపు 450 కోట్ల ఏళ్లు. ఆసుపత్రుల్లో ఎక్కువగా వాడే టెక్నీషియం-99ఎం సగానికి రావడానికి 6 గంటలు. పది సగాలు గడిస్తే మిగిలేది 1024వ వంతు. ఆ లెక్క చూడగానే నాలాంటి కోడింగ్ వాడికి ప్రాణం లేచొస్తుంది, అది వేరే సంగతి. పనిచేసేవాళ్లకు మన దేశంలో ఏఈఆర్‌బీ పెట్టిన హద్దు ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. ఎంత తగిలిందో ఛాతీ దగ్గర పెట్టుకునే బ్యాడ్జి లెక్కగడుతుంది. మూడు నెలలకోసారి దాన్ని పరీక్షకు పంపుతారు. గర్భం అని చెప్పిన రోజు నుంచి బిడ్డకు వేరే హద్దు, 1 మిల్లీసీవర్ట్. ఏ పనీ చేయకుండా ఇంట్లో కూర్చున్నా ప్రకృతి నుంచి మనిషికి ఏడాదికి ప్రపంచ సగటున 2.4 తగులుతుంది. ఇవన్నీ కాగితం మీద రాసి చిన్నమ్మకు చూపించా. ఆమె కాగితం పక్కన పెట్టి "నువ్వైతే పంపుతవా?" అని ఒక్కటే అడిగింది. పంపుతా అన్నా.

ఇప్పుడు చెల్లె కర్ణాటకలో ఒక యూనివర్సిటీలో రెండో సెమిస్టర్. ఫోన్‌లో చెప్పే సంగతులు వింటుంటే నాకే కుళ్లుగా ఉంటుంది. పొద్దున్నే 'ఆవును పితకడం'తో పని మొదలట. నిజంగానే అలాగే అంటారు. మాలిబ్డినం-99 ఉన్న జెనరేటర్‌లోకి సెలైన్ పంపితే టెక్నీషియం మాత్రం దిగి వస్తుంది, మాలిబ్డినం లోపలే ఉండిపోతుంది. రేపొద్దున కల్లా మళ్లీ పొదుగు నిండుతుంది. వారానికి ఒక కొత్త ఆవు. పితికిన దాంట్లోకి మాలిబ్డినం జారిందేమో పరీక్షించాకే వాడాలి. తర్వాత గామా కెమెరా సరిగా చూస్తోందో లేదో చూడాలి. ఆపైన ఎముకకు ఎండీపీ, కిడ్నీకి డీటీపీఏ, గుండెకు సెస్టమీబీ, ఇలా ఏ అవయవానికి తగ్గ కిట్‌తో దాన్ని కలపాలి. ఒక చుక్క కింద పడితే ఎలా తుడవాలో నేర్పడానికే ఒక క్లాసు.

చదువులో సగం మనుషులతో మాట్లాడటమే అని తను అన్నప్పుడు మొదట నాకు అర్థం కాలేదు. ఎఫ్‌డీజీ స్కాన్‌కు కనీసం 4 నుంచి 6 గంటలు ఏమీ తినకూడదు. ముందు రోజు బరువు పని చేయకూడదు, చేస్తే కండరాలు కూడా మెరుస్తాయి. పాలమూరు నుంచి తెల్లవారుజామున బస్సెక్కిన కూలిమనిషికి ఈ మాట ఎవరు, ఏ భాషలో చెప్తారు? జడ్చర్ల బస్టాండ్‌లో చక్కెర వేసిన ఒక్క చాయ్ తాగితే ఆ రోజు స్కాన్ పోయినట్టే. చార్జీలు దండగ, కూలీ దండగ, మళ్లీ తారీఖు కోసం తిరుగుడు.

అన్నిటికన్నా నన్ను ఆపేసిన సంగతి ఇంకొకటి. ఎముకల స్కాన్‌లో మందు ఒంట్లోని ఎముకలన్నిటికీ గట్టిగా పట్టి, కిడ్నీలు కనిపించకుండా పోతే దాన్ని 'సూపర్‌స్కాన్' అంటారు. క్యాన్సర్ ఎముకల నిండా పాకినా అలా రావచ్చు. ముదిరిన ఫ్లోరోసిస్‌లో కూడా రావచ్చు! మా మర్రిగూడ దిక్కు ముసలాయన ఎక్కడో దూరపు నగరంలో స్కాన్ చేయించుకుంటే, "ఏ ఊరు, ఏ నీళ్లు తాగారు?" అని అడగాలన్న ఆలోచన అక్కడి కుర్ర డాక్టర్‌కు వస్తుందా? మా చెల్లెకు చెప్పకుండానే వస్తుంది. మా ఊళ్ల పిల్లలు ఈ చదువుకు వెళ్లాలని నేను అనేది అందుకే. జీతం సంగతి తర్వాత.

నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ హైదరాబాద్‌కు దాదాపు వంద కిలోమీటర్లు. ట్రాఫిక్ దాటుకుని రెండు గంటల్లో చేరితే ఫ్లోరిన్-18 దారిలోనే సగానికి పైగా కరిగిపోతుంది. అంటే రెట్టింపు పైన పంపాలి. అసాధ్యం కాదు, ఖర్చు. టెక్నీషియం ఆవు అయితే వారం రోజులు జిల్లాలోనే ఉంటుంది. కాబట్టి జిల్లా కేంద్రంలో మొదలుపెట్టాలంటే గామా కెమెరాతోనే తేలిక అని నా లెక్క. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఒకప్పటి ఉమ్మడి నల్లగొండలోని బీబీనగర్‌లో ఎయిమ్స్ కూడా ఉంది. కెమెరా కొనడం ఒక టెండర్‌తో అయిపోతుంది. దాన్ని నడిపే మనిషి తయారవడానికి ఏళ్లు పడుతుంది.

దారులు రెండు. ఎంబీబీఎస్ చేసినవాళ్లకు మూడేళ్ల ఎండీ న్యూక్లియర్ మెడిసిన్. సైన్స్ డిగ్రీ ఉన్నవాళ్లకు ఎమ్మెస్సీ. ముంబైలో బార్క్ వాళ్ల రేడియేషన్ మెడిసిన్ సెంటర్ 1963 నుంచి ఉంది, దేశంలో ఈ చదువుకు పెద్ద దిక్కు అదే. మణిపాల్, వెల్లూరు సీఎంసీలో కూడా టెక్నాలజీ కోర్సులున్నాయి. అర్హతలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, డిగ్రీలో ఫిజిక్స్ చదివారా అన్నది చాలాచోట్ల చూస్తారు. ఫీజు కట్టేముందు మాత్రం రెండు సంగతులు అడగండి. ఆ డిగ్రీతో టెక్నాలజిస్ట్‌గా పనిచేయడానికి ఏఈఆర్‌బీ ఒప్పుకుంటుందా? కాలేజీకి సొంత గామా కెమెరా, పెట్ స్కానర్ ఉన్న ఆసుపత్రి ఉందా? రెండోదానికి "టై-అప్ ఉంది" అని జవాబొస్తే, ఏ ఆసుపత్రితో, వారానికి ఎన్ని రోజులు పంపుతారు అని అడిగి, ఆ ఆసుపత్రికి వెళ్లి సీనియర్లతో మాట్లాడి రండి. మేం అలాగే చేశాం. బస్సులో ఒక రాత్రి ప్రయాణం, చిన్నమ్మ కూడా వచ్చింది.